పుచ్చ తోటకు తెల్ల గుడ్డ: మూడు నాట్లలో క్రాప్ కవర్ వాడి చూసిన తరువాత

2023 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లాలోని మా పొలంలో రెండెకరాల పుచ్చ నాటినప్పుడు, ఇరవై రోజులు నిండకముందే తీగల కొసలు నేల మీద పాకడం మాని పైకి నిక్కడం మొదలైంది. కణుపుల మధ్య దూరం తగ్గి ఆకులు ఒకేచోట గుమిగూడాయి, లేతాకుల మీద పసుపు మచ్చలు వచ్చాయి, తీగల మీద గోధుమరంగు చారలు పడ్డాయి, చివరకు చిగుళ్లు నల్లబడి ఎండిపోయాయి. మొదట దానిని పోషక లోపం అనుకొని డ్రిప్పులో ఎరువులు పంపాను. తరువాత బూజు అనుకొని శిలీంధ్రనాశిని కొట్టాను. మందుల దుకాణంలో వైరస్‌కు పనిచేస్తుందని చెప్పి ఇచ్చిన సీసాను కూడా రెండు దఫాలు పిచికారీ చేశాను. వైరస్ సోకిన మొక్కను తిరిగి ఆరోగ్యంగా చేయగల మందు ఏదీ లేదన్న సంగతి, ఉద్యాన శాఖ అధికారి పొలానికి వచ్చి మొక్కలు చూసి చెప్పిన తరువాతనే నాకు తెలిసింది. ఆ తెగులు పేరు మొవ్వుకుళ్లు. ఆ ఏడాది సగానికి పైగా మొక్కలు కాయ పట్టలేదు, పట్టిన కాయల మీద కూడా గతుకులు, వలయాల వంటి మచ్చలు ఉండడంతో వ్యాపారి వాటిని తూకానికి ఒప్పుకోలేదు.

ఆ తరువాతి నాటు నుంచి నేను క్రాప్ కవర్, అంటే పురుగు రాకుండా మొక్కల వరుసల మీద కప్పే పలుచని గుడ్డ, వాడుతున్నాను. మా వైపు కూలీలు దీనిని తెల్ల గుడ్డ అంటారు. 2024 జనవరి మొదటి వారంలో నాటిన పుచ్చకు, 2024 డిసెంబరు చివర నాటిన పుచ్చకు, 2025 ఫిబ్రవరి చివర అరెకరంలో నాటిన కర్బూజకు వాడి చూసిన అనుభవం మీద ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పురుగు మోసుకొచ్చే వైరస్ తెగుళ్ల నుంచి తోటను కాపాడుకోవడానికి ఇది కొనదగిన వస్తువు. బూజు, బూడిద, బంక తెగులు, ఎండు తెగులు వంటి వాటికి ఇది మందు కాదు, ఏమరుపాటుగా ఉంటే వాటిలో కొన్నింటిని ఇదే పెంచుతుంది కూడా. ఈ తేడా మనసులో పెట్టుకొని కొన్నవారికి డబ్బు వృథా కాదు.

వస్తువు గురించి చెప్పాలంటే, ఇది నేసిన బట్ట కాదు. పాలీప్రొపిలీన్ పోగులను వేడితో అతికించి పలుచని పొరగా చేసిన గుడ్డ. చుట్ట మీద 17 జీఎస్‌ఎం అని రాసి ఉంటుంది, అంటే చదరపు మీటరు గుడ్డ 17 గ్రాములు తూగుతుందని అర్థం. నేను తెచ్చింది 1.6 మీటర్ల వెడల్పు గలది. గాలి, నీరు, వెలుతురు దీని గుండా పోతాయి కాబట్టి మొక్కలకు ఊపిరాడదేమో అన్న భయం అక్కరలేదు. నేసిన వలలో కళ్లు ఒక వరుసలో ఉంటాయి కాబట్టి పురుగు కంటే కన్ను చిన్నదైతేనే అది ఆపగలదు. ఈ గుడ్డలో పోగులు అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి పడి ఉండడం వల్ల, మిల్లీమీటరు పొడవు మాత్రమే ఉండే తామర పురుగులకు కూడా దారి దొరకడం కష్టమవుతుంది.

ఇక్కడ తామర పురుగు గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే గుడ్డ ఎందుకు పనిచేస్తుందో, మందు ఎందుకు పనిచేయదో అందులోనే ఉంది. పుచ్చలో మొవ్వుకుళ్లు వైరస్‌ను మోసుకొచ్చేది త్రిప్స్ పాల్మీ అనే తామర పురుగు. ఈ పురుగు పిల్ల దశలో వైరస్ ఉన్న మొక్క మీద మేసినప్పుడే వైరస్‌ను లోపలికి తీసుకుంటుంది. ఆ వైరస్ పురుగు ఒంట్లోనే పెరుగుతుంది, రెక్కలు వచ్చిన తరువాత ఆ పురుగు బతికినంత కాలం ఏ మొక్కను గీకి రసం పీల్చితే ఆ మొక్కకు దానిని అంటిస్తూ పోతుంది. అంటే మన తోటకు తెగులు తెచ్చే పురుగు పక్క పొలంలోనో, గట్టు మీది కలుపులోనో పుట్టి, వైరస్‌ను అక్కడే నింపుకొని మన దగ్గరకు ఎగిరి వస్తుంది. మనం కొట్టిన మందుకు అది చచ్చే లోపల ఒక మొక్క మీద మేసే ఉంటుంది. మర్నాడు మరో పురుగు వస్తుంది. వారానికి రెండు సార్లు పురుగుమందు కొట్టినా 2023లో నా తోట ఎందుకు నిలవలేదో ఇది అర్థమైనప్పుడు తెలిసింది. విత్తనం ద్వారా ఈ వైరస్ రాదు కాబట్టి, ఆ ఏడాది విత్తనాన్ని అనుమానించడం కూడా నా పొరపాటే.

మా జిల్లాకు తామర పురుగులు తెచ్చిన నష్టం కొత్త కాదు. 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్లు వైరస్ దెబ్బతీసినప్పుడు, వయ్యారిభామ మొక్కల పుప్పొడిని తామర పురుగులు వేరుశనగ మీదకు మోసుకురావడమే దానికి ప్రధాన కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. అది వేరే వైరస్, వ్యాపించే తీరు కూడా వేరు. అయినా గట్టు మీది కలుపు, గాలిలో వచ్చే కంటికి ఆనని పురుగు, పొలంలోని పంట అనే మూడింటికి ఉన్న సంబంధం మాత్రం అదే. మా చుట్టుపక్కల బోర్ల కింద యాసంగి వేరుశనగ, టమాట, మిరప ఎప్పుడూ ఏదో ఒక దశలో ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక పంట పండి ఎండుతుండగా లేత పుచ్చ మొక్క పక్కనే కనిపిస్తే పురుగు అక్కడికి రాక మానదు. 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడినప్పుడు మందుల మీద మందులు కొట్టి చేతులు కాల్చుకున్న రైతులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

పేనుబంక తెచ్చే మొజాయిక్ తెగుళ్ల విషయంలో గుడ్డ అవసరం ఇంకా ఎక్కువ. పేనుబంక ఆకు మీద వాలి రుచి చూసిన కొన్ని క్షణాల్లోనే వైరస్ అంటుకుంటుంది, పురుగుమందు అంత వేగంగా పనిచేయదు. తెల్లదోమ తెచ్చే ఆకుముడత కర్బూజలో ఈ మధ్య మా వైపు కనిపిస్తోంది, దానికీ ఇదే అడ్డుకట్ట. గుమ్మడి పెంకు పురుగు లేత ఆకులను జల్లెడలా కొరికేయడం గుడ్డ కప్పిన వరుసల్లో అసలు కనిపించలేదు. ఇది నేను ఆశించని లాభం.

కప్పడం సులభమే కానీ, కప్పడానికి ముందు చేయవలసిన పని ఎక్కువ. తామర పురుగు కోశస్థ దశను, అంటే రెక్కల పురుగుగా మారే ముందు దశను, నేలలో గడుపుతుంది. ముందు పంటలో పురుగు పడిన నేల మీద నేరుగా గుడ్డ కప్పితే, నేలలో నుంచి లేచిన పురుగులను మొక్కలతో కలిపి లోపల బంధించినట్టవుతుంది. అందువల్ల ఎత్తు మడుల మీద డ్రిప్పు పరచి, పైన వెండి రంగు వైపు పైకి వచ్చేలా మల్చింగ్ షీటు వేశాను. వెండి రంగు నుంచి తిరిగి కొట్టే వెలుగు పేనుబంకను, తామర పురుగును తికమక పెడుతుంది, షీటు కింద నుంచి లేచే పురుగుకు కూడా అడ్డుపడుతుంది. మడుల తయారీలోనే 90 కిలోల మాగిన పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (వేరు తెగుళ్లను అణచే మేలు శిలీంధ్రం) కలిపి, తడి ఆరకుండా నీడలో వారం పదిరోజులు ఉంచి వేశాను. ఇది గుడ్డకు సంబంధించిన పని కాదనిపించవచ్చు, కానీ గుడ్డ కింద నెల రోజులు వేరు దగ్గరకు మనం చేయి పెట్టలేం కాబట్టి వేరు తెగుళ్ల జాగ్రత్త ముందే పూర్తి కావాలి.

నారు గురించి ఇంకొక మాట. నర్సరీలో వైరస్ అంటుకున్న నారును తెచ్చి గుడ్డ కప్పితే లోపల దాచి పెంచినట్టే. 98 గుంతల ట్రేలలో, పురుగు చొరబడని వల గదిలో, రెండు తలుపుల ద్వారం ఉన్న చోట పెంచిన 12 నుంచి 15 రోజుల నారునే తెచ్చుకున్నాను. తెచ్చిన ట్రేలను పొలం గట్టు మీద రాత్రంతా ఉంచవద్దు. నాటిన రోజే, చీకటి పడే లోపలే గుడ్డ కప్పాలి. మొదటి ఏడాది నాటడానికి ఒక రోజు, కప్పడానికి మరో రెండు రోజులు తీసుకున్నాను, చివర కప్పిన వరుసల్లోనే తెగులు మొక్కలు ఎక్కువగా కనిపించాయి. రెండో ఏడాది ముందు రోజే వంపులు (గుడ్డను ఎత్తి పట్టడానికి విల్లులా వంచి నేలలో గుచ్చే బద్దలు) గుచ్చి, చుట్టలు వరుసల తలల దగ్గర పెట్టి, నాటేవారి వెనుకే కప్పుకుంటూ పోయాం.

వరుసకు వరుసకు 2 మీటర్ల ఎడం ఉంటే ఎకరాకు వరుసల పొడవు సుమారు 2,000 మీటర్లు వస్తుంది. అంటే ఎకరాకు 2,000 మీటర్ల గుడ్డ, తూకంలో 54 కిలోలకు అటూ ఇటూ. ఆరడుగులకు ఒక వంపు చొప్పున ఎకరాకు 1,100 వంపులు కావాలి. అయిదడుగుల బద్దను అటూ ఇటూ అరడుగు నేలలోకి దించితే మొక్కకు చాలినంత ఎత్తు మిగులుతుంది, 1.6 మీటర్ల గుడ్డకు రెండు పక్కలా మట్టి ఎక్కించడానికి అంచు కూడా మిగులుతుంది. మొదటి ఏడాది వెదురు బద్దలు వాడాను, వాటి పెచ్చులకు గుడ్డ తగులుకొని చాలాచోట్ల చిరిగింది. రెండో ఏడాది పాత డ్రిప్పు పైపులను ముక్కలు చేసి బద్దలకు తొడిగాను, చిరుగులు చాలా తగ్గాయి. అంచుల మీద మట్టి ఎడం లేకుండా ఎక్కించాలి. అక్కడక్కడా మట్టిగడ్డలు పెట్టి వదిలేస్తే గాలికి గుడ్డ లేస్తుంది, లేచిన చోట రెండు గంటలు తెరిచి ఉన్నా కప్పిన ప్రయోజనం ఆ మేరకు పోతుంది. ఒక రాత్రి గాలికి లేచిన మూడు వరుసల చివరలు మర్నాడు మధ్యాహ్నం దాకా నేను చూడలేదు. ఆ పంటలో మొవ్వుకుళ్లు మొక్కలు ఎక్కువగా వచ్చింది ఆ చివరల్లోనే.

2024 జనవరి నాటులో, గుడ్డ నిజంగా పనిచేస్తుందో లేదో నాకు నేనే తేల్చుకోవాలని నాలుగు వరుసలు కప్పకుండా వదిలాను. నేల, నీరు, నారు, మందులు అన్నీ ఒకటే. నెల తిరిగే సరికి కప్పని నాలుగు వరుసల్లో మూడింట ఒక వంతుకు పైగా మొక్కలు మొవ్వుకుళ్లుతో పీకేయవలసి వచ్చింది. కప్పిన వరుసల్లో వరుసకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే పీకాను. ఒక పొలంలో, ఒక పంటకాలంలో చూసిన లెక్క ఇది. పురుగు ఉధృతి తక్కువగా ఉన్న ఏడాది ఇంత తేడా కనిపించకపోవచ్చు. అయినా ఆ నాలుగు వరుసలను రోజూ చూస్తూ ఉండడం వల్ల నాకు కలిగిన నమ్మకం ఎవరి మాట వల్లా కలిగేది కాదు. మొక్క ఎంత లేత దశలో తెగులు తగిలితే నష్టం అంత ఎక్కువ. కాయ పట్టిన తరువాత తగిలిన మొక్క ఎంతో కొంత దిగుబడి ఇస్తుంది, ఇరవై రోజుల మొక్కకు తగిలితే ఏమీ మిగలదు. గుడ్డ మనకు కొనిపెట్టేది ఆ తొలి ఇరవై అయిదు రోజులనే.

ఇక గుడ్డ వల్ల వచ్చే ఇబ్బందుల గురించి ఎక్కువగా రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే అమ్మేవారెవరూ వీటిని చెప్పరు. మొదటిది, లోపల ఏం జరుగుతోందో కనబడదు. డ్రిప్పు రంధ్రం మూసుకుపోయి మొక్క వాడినా, ఎక్కువ కారి వేరు కుళ్లినా గుడ్డ మీద నుంచి తెలియదు. రెండవది, పొద్దున్నే గుడ్డ లోపలి వైపు చెమ్మ పట్టి ఉంటుంది. మబ్బు పట్టి ఎండ రాని రోజుల్లో ఆ చెమ్మ మధ్యాహ్నం దాకా ఆరదు. మొదటి ఏడాది నాటిన పదిహేడో రోజున, మా తోటకు కూలికి వచ్చే అక్క కలుపు తీయడానికి ఒకచోట గుడ్డ ఎత్తి, "అన్నా, కాండానికి ఏదో తేనె కారినట్టు ఉంది చూడు" అని పిలిచింది. వెళ్లి చూస్తే మొదలు దగ్గర కాండం పగిలి, గోధుమరంగు బంక బొట్లు బొట్లుగా గట్టిపడి ఉంది. అది బంక తెగులు. విత్తనం ద్వారానూ, పాత పంట చెత్త ద్వారానూ వచ్చే ఈ శిలీంధ్రానికి గుడ్డ కింది చెమ్మ బాగా సరిపోతుంది. ఆమె గుడ్డ ఎత్తి ఉండకపోతే నేను మరో పది రోజులు ఏమీ ఎరగకుండా ఉండేవాణ్ణి. ఆ రోజు నుంచి వారానికి రెండు సార్లు, పొద్దు వాలిన తరువాత, ప్రతి వరుసలో మూడు చోట్ల గుడ్డ ఎత్తి చూసి వెంటనే మట్టి ఎక్కించడం అలవాటు చేసుకున్నాను. దీనికి ఎకరాకు గంటన్నర పడుతుంది. ఈ పని చేయలేనివారు గుడ్డ కప్పకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఎండు తెగులు సంగతి వేరు. ఫ్యుజేరియం నేలలో ఏళ్ల తరబడి బతికే శిలీంధ్రం, అది వేరు నుంచి వస్తుంది కాబట్టి పైన ఏ గుడ్డ కప్పినా తేడా ఉండదు. మధ్యాహ్నం తీగ వాడి, సాయంత్రం తేరుకొని, రెండు మూడు రోజుల తరువాత తేరుకోకుండా ఎండిపోయే మొక్కను పీకి కాండాన్ని నిలువునా చీల్చితే లోపలి నాళాలు గోధుమరంగులో కనిపిస్తాయి. అలాంటి పొలంలో పుచ్చ, దోస, కర్బూజ కొన్నేళ్లు మానడమో, సొర వేరు మొక్కకు అంటు కట్టిన నారు తేవడమో తప్ప దారి లేదు. ఒక మిత్రుడు అలాంటి నేలలో గుడ్డ కప్పి, మొక్కలు ఎండిపోతే గుడ్డను తిట్టుకున్నాడు. ఆ తిట్టు గుడ్డకు చెందవలసింది కాదు.

గుడ్డ తీసే రోజు గురించి మందుల దుకాణంలో అడిగితే ఒకరు 20 రోజులు, మరొకరు 35 రోజులు అంటారు. రోజులు లెక్కపెట్టకూడదు, పూలు చూడాలి. పుచ్చలో మగపూలు ముందు వస్తాయి, తరువాత కింద చిన్న పిందెతో ఆడపూలు వస్తాయి. ఆడపువ్వు తెరుచుకొని ఉండేది ఒక్క పూటే. ఆ పూట తేనెటీగలు పదేపదే వాలితేనే పిందె నిలుస్తుంది, కాయ గుండ్రంగా వస్తుంది. గుడ్డ పురుగును ఎలా ఆపుతుందో తేనెటీగనూ అలాగే ఆపుతుంది. తొలి ఆడపూలు కనబడగానే తీసేయాలి. నాకు ఒకసారి 26వ రోజున, మరోసారి 29వ రోజున ఆ సమయం వచ్చింది. పట్టపగలు ఒక్కసారిగా తీసేస్తే నీడపట్టున పెరిగిన లేత ఆకులు ఎండకు, గాలికి మాడిపోతాయి. మొదటి రోజు సాయంత్రం ఒక పక్క మట్టి తీసి వదులు చేసి, రెండో రోజు సాయంత్రం పూర్తిగా తీశాను. తీగలు గుడ్డకు చుట్టుకొని ఉంటే లాగకుండా చేత్తో విడదీయాలి, ఆ పనికి ఎక్కువ మంది కూలీలు కావాలి.

తీసిన మర్నాటి నుంచి తోట మళ్లీ అందరి తోటల వంటిదే. నీలి రంగు జిగురు అట్టలు పెట్టి తామర పురుగుల రాకను గమనించాలి, పసుపు అట్టలు తెల్లదోమకు. తెగులు కనిపించిన మొక్కను మొహమాటం లేకుండా పీకి పొలం బయట పూడ్చాలి. పూత దశలో తేనెటీగలకు హాని చేసే మందులు మానాలి, తప్పనిసరి అయితే సాయంత్రం కొట్టాలి. బూజు తెగులు మంచు పడే రాత్రుల తరువాత వస్తుంది, ఆకు పైన పసుపు మచ్చ, అడుగున బూడిద ఊదా రంగు బూజు చూసి గుర్తించాలి. బూడిద తెగులుకు తడి అక్కరలేదు, పొడి వాతావరణంలోనూ ఆకు మీద తెల్ల పొడిలా పాకుతుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకొని ఒకే మందు కొట్టేవారు మా వైపు చాలామంది ఉన్నారు. బూడిదకు కొట్టే గంధకం బూజును ఆపదు, పైగా ఎండ ముదిరిన రోజుల్లో కర్బూజ ఆకులను కాల్చేస్తుంది. బూజుకు ముందు జాగ్రత్తగా మాంకోజెబ్ వంటి తాకుడు మందు (ఆకు పైనే ఉండి పనిచేసేది), తెగులు కనిపించిన తరువాత లోపలికి పోయే మందు అవసరమవుతాయి. లోపలికి పోయే మందును వెంట వెంటనే కొడితే శిలీంధ్రం దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి, పేరు మారిస్తే చాలదు, మందు పనిచేసే తీరు వేరైనది ఎంచుకోవాలి. వేరే కంపెనీ సీసాలో అదే మందు ఉండడం మామూలే కనుక సీసా మీద చిన్న అక్షరాలలో ఉన్న అసలు మందు పేరు చదవాలి, పుచ్చకు వాడవచ్చని అందులో ఉందో లేదో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా చూడాలి.

తెగుళ్లను తట్టుకొనే రకం వేస్తే ఇవన్నీ ఎందుకని కొందరు అడుగుతారు. బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క మాణిక్ రకం బూజు, బూడిద, మచ్చ తెగుళ్లను తట్టుకుంటుంది. ఇంటి అవసరానికి, స్థానిక అమ్మకానికి అది మంచి రకం. కానీ మా దగ్గర కొనే వ్యాపారులు ముదురు ఆకుపచ్చ తొక్కతో, ఒకే పరిమాణంలో, దూరం ప్రయాణించే హైబ్రిడ్ కాయనే అడుగుతారు. పైగా మొవ్వుకుళ్లును తట్టుకొనే రకంగా నేను నమ్మి వేయగలిగింది ఇంతవరకు నా చేతికి రాలేదు.

మూడోసారి నేను చేసిన ప్రయోగం విఫలమైంది, దానిని కూడా రాయడం నా బాధ్యత. 2025 ఫిబ్రవరి చివర అరెకరంలో కర్బూజ నాటి గుడ్డ కప్పాను. చలికాలంలో గుడ్డ లోపలి వెచ్చదనం మొక్కకు మేలు చేసి ఎదుగుదల వేగంగా ఉండేది. మార్చి ఎండల్లో అదే వెచ్చదనం శాపమైంది. లోపల చేయి పెడితే ఆవిరి తగిలినట్టు ఉండేది, గుడ్డను తాకిన ఆకుల అంచులు మాడాయి, ఎర్రనల్లి పెరిగింది. పదిహేనో రోజుకే తీసేయవలసి వచ్చింది. ఆ తరువాత తెల్లదోమ, ఆకుముడత రెండూ వచ్చాయి. కాబట్టి మా వంటి వేడి ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నాట్లకే దీనిని సిఫారసు చేస్తాను. ఆలస్యంగా నాటేవారు గుడ్డకు బదులు వంపులను ఎత్తుగా పెట్టి పురుగు వల వాడడం మేలని నా ఊహ, దానిని ఇంకా నేను వాడి చూడలేదు.

గుడ్డ నాణ్యత గురించి. మొదటి ఏడాది రెండు చోట్ల కొన్నాను, ఒకచోట ధర బాగా తక్కువ. తక్కువ ధర చుట్ట మీద కూడా 17 జీఎస్‌ఎం అనే ఉంది, కానీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కొన్నిచోట్ల పలుచగా, కొన్నిచోట్ల మందంగా కనిపించింది. మూడు వారాలకే ఎండకు పెళుసెక్కి, వేలితో నొక్కితే చిల్లు పడింది. ఎండ తాకిడిని తట్టుకోవడానికి కలపవలసిన పదార్థం అందులో లేదని తరువాత తెలిసింది. అమ్మినవారిని అడిగితే వాడిన సరుకును వెనక్కు తీసుకోవడం కుదరదన్నారు. ఎక్కువ ధర పెట్టి కొన్నది రెండు పంటలకు వచ్చింది. అప్పటి నుంచి నేను చేసే పరీక్ష ఇది: బిల్లులో యూవీ స్టెబిలైజ్డ్ (ఎండను తట్టుకునే పదార్థం కలిపినది) అని రాయించుకుంటాను, ఒక మీటరు ముక్క కత్తిరించి మందం చూస్తాను, చుట్టను తూకం వేయించి వెడల్పు, పొడవులతో లెక్క సరిచూస్తాను. 1.6 మీటర్ల వెడల్పు గల 100 మీటర్ల గుడ్డ 2.7 కిలోలకు బాగా తగ్గితే అది 17 జీఎస్‌ఎం కాదు.

ఖర్చు విషయానికి వస్తే, మీటరుకు అయిదారు రూపాయల చొప్పున నాకు ఎకరాకు గుడ్డకే పదకొండు వేల దాకా పడింది. వంపులు, కప్పడానికి, తీయడానికి కూలి దీనికి అదనం. రెండో పంటకు గుడ్డ ఖర్చు లేదు, చిరుగులకు కుట్లు, కొత్తగా కొన్న కొద్ది మీటర్లు మాత్రమే. మరోవైపు తొలి నెలలో పురుగుమందు పిచికారీలు నాకు ఆరేడు నుంచి ఒకటి రెండుకు తగ్గాయి. ఇది డబ్బు మిగులు మాత్రమే కాదు. పూతకు ముందు తోటలో మందు వాసన లేకపోవడం వల్ల గుడ్డ తీసిన మర్నాడే తేనెటీగలు బాగా వచ్చాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. 2024 డిసెంబరు చివర నాటిన పంట, 2025 మార్చి 2న మొదలైన రంజాన్ ఉపవాసాల తొలి వారంలో కోతకు వచ్చింది. ఆ వారం ధరలో సరుకు అమ్ముకోగలగడమే గుడ్డ ఖర్చును తీర్చింది.

తీసిన గుడ్డను అలాగే కుప్ప వేయకూడదు. మట్టి దులిపి, ఎండలో ఒక పూట ఆరబెట్టి, చుట్టలుగా చుట్టి, ఎలుకలు, ఎండ తగలని చోట పైకి వేలాడదీయాలి. బంక తెగులు వచ్చిన వరుసల గుడ్డను నేను మళ్లీ పుచ్చకు వాడలేదు, టమాట నారుమడికి మళ్లించాను. పనికిరాకుండా చిరిగిన ముక్కలను గట్టు మీద కాల్చడం మా ఊళ్లో చూస్తున్నాను. ఇది ప్లాస్టిక్ పోగు. కాల్చిన పొగ మంచిది కాదు, పొలంలో వదిలితే పోగులు పోగులుగా విడిపోయి ఏళ్ల తరబడి నేలలో ఉంటుంది. మల్చింగ్ షీటుతో పాటే మూట కట్టి పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇస్తున్నాను, వాళ్లు మట్టి ఉంటే తీసుకోరు కాబట్టి దులపడం ఇక్కడ కూడా పనికొస్తుంది.

మిరప, టమాట వేసే మిత్రులు తమకు పనికొస్తుందా అని అడుగుతున్నారు. నారు దశలోనూ, నాటిన తొలి మూడు వారాల్లోనూ పనికొస్తుంది. కానీ ఆ పంటలు నెలల తరబడి పొలంలో ఉంటాయి, నిటారుగా ఎదుగుతాయి, గుడ్డ తీసిన తరువాత తెగులు తగలడానికి ఇంకా చాలా సమయం ఉంటుంది. అరవై అయిదు, డెబ్బై రోజుల్లో ముగిసే పుచ్చ పంటలో ఇరవై అయిదు రోజుల రక్షణ అంటే మూడో వంతుకు పైగా. ఏడు నెలల మిరపలో అది చాలా చిన్న భాగం. అందుకే వారికి పూర్తి పొలానికి కొనమని చెప్పలేకపోతున్నాను.

వచ్చే డిసెంబరు నాటుకు ఎకరన్నరకు సరిపోయే పాత గుడ్డ నా దగ్గర ఉంది, మిగిలిన అరెకరానికి కొత్తది కొనాలి. ఈసారి చుట్టలు దించడానికి నెల ముందే గట్ల మీది వయ్యారిభామ పూతకు రాకముందు పీకించి, పక్క పొలంలో టమాట కోతలు ముగించే రైతుతో ఆ మొక్కలు నాట్లకు ముందే పీకి పూడ్చేలా మాట్లాడుకున్నాను. ఆ పనికి అయ్యే కూలిలో సగం నేను పెట్టుకుంటానని చెప్పాను.